రాత్రంతా పద్యం పాడే ఒంటికి డ్రెస్సు

శివరాత్రి దగ్గరపడుతోందంటే నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు వైపు పౌరాణిక నాటకాలకు డ్రెస్సులిచ్చే కంపెనీల్లో కుట్టుమిషన్లు రాత్రిళ్లు కూడా ఆగేవి కావు. అక్కణ్నించి శ్రీరామనవమి దాకా, ఆ తర్వాత ఊళ్ల తిరునాళ్లకు, ఎక్కడో ఒక చోట తెర లేవాల్సిందే. బయానా ఇవ్వడానికొచ్చిన ఊరి పెద్దలు హార్మోనిస్టు ఎవరని అడిగాక, వెంటనే అడిగే మాట "కిష్ణుడి డ్రెస్సు కొత్తదేనా అబ్బా?" అని. ఆ డ్రెస్సుల వెనకున్న పనితనాన్ని తలుచుకుంటే ఇప్పటికీ గౌరవం కలుగుతుంది. దాన్ని వివరంగా చెప్పుకోవాలి.

పౌరాణిక నాటకంలో డ్రెస్సు రాజసంగా కనబడాలన్నది రెండో సంగతి. పద్యానికి అడ్డం రాకూడదన్నది మొదటిది. రాత్రి పదింటికి తెర లేస్తే తెల్లవార్లూ పాడే నటుడి ఒంటిమీద ఉండేది ఆ బట్టే. మెడ పట్టేసినా, నడుము బిగిసినా, చెవి మూసుకుపోయినా రాగం చెడుతుంది. పాత మేస్త్రీల పనంతా ఈ ఒక్క లెక్క చుట్టూ తిరిగేది.

మఖమల్ కోట్లు, జరీ పనులు మనకు మొదట్నించీ ఉన్నవి కావు. 1880ల్లో కన్నడ దేశపు ధార్వాడ నాటక కంపెనీలు, పార్శీ తరహా నాటకాలు మన వైపు తిరిగినప్పుడు ఆ హంగు కూడా వచ్చింది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక సమాజం వాళ్లు దాన్ని పల్లెపల్లెకూ చేర్చారు. వీధి భాగవతాల వాళ్లు కట్టుకునే తేలిక కర్ర ఆభరణాల పద్ధతి అంతకు ముందే ఉంది. మన డ్రెస్సుల కంపెనీల పనిలో ఈ రెండూ కలిసిపోయాయి.

కొలతలు తీసుకోవడంలోనే తేడా మొదలవుతుంది. చొక్కాకు తీసినట్టు మనిషిని ఊరికే నిలబెట్టి ఛాతీ చుట్టూ టేపు వేస్తే చాలదు. నిండా ఊపిరి పీల్చి బిగబట్టమని, అప్పుడు కొలవాలి. గట్టి పాటగాడికి మామూలు కొలతకూ దీనికీ రెండు అంగుళాల పైనే తేడా వస్తుంది. దానిమీద లోపలి బనీనుకూ లైనింగుకూ ఇంకో రెండంగుళాలు. ట్రయలు వేసినప్పుడు మేస్త్రీ "ఏదీ సామీ, ఒక పద్యం ఎత్తండి" అని అడిగేవాడు. రాగం పైకి పోయేటప్పుడు మెడ ఉబ్బుతుంది, పొట్ట కదులుతుంది, కుడి చెయ్యి దానంతటదే లేస్తుంది. కోటు ఎక్కడ పట్టేస్తోందో అప్పుడు తెలుస్తుంది. అద్దం ముందు ఊరికే నిలబడితే తెలియదు. "ఎట్టా ఉండాది?" అంటే "బాగుండాది మేస్త్రీ" అనేస్తాడు మొహమాటానికి. పాడించి చూస్తేనే నిజం బయటపడేది.

చంక దగ్గర చాలామంది తప్పు చేస్తారు. చెయ్యి సులువుగా లేవాలంటే చంక కిందికి దించాలి అనుకుంటారు. జరిగేది దానికి ఎదురు. చంక ఎంత కిందికి దిగితే చెయ్యి ఎత్తినప్పుడు కోటు మొత్తం అంత పైకి లేస్తుంది, నడికట్టులోంచి ఊడొస్తుంది, భుజకీర్తి చెంపకు కొడుతుంది. చంకను ఒంటికి దగ్గరగా, పైకే కోసి, కింద కుట్ల కూడలిలో మూడున్నర నాలుగు అంగుళాల చదరపు ముక్కను మూలలు తిప్పి అతకాలి. అప్పుడు చెయ్యి ఆకాశానికి ఎత్తినా కోటు అంచు కదలదు. ఆ ముక్క మఖమల్ కాకుండా అదే రంగు నూలు గుడ్డది అయితే చెమట కూడా పీలుస్తుంది.

మఖమల్ విషయానికొస్తే, 44 అంగుళాల పన్నా గుడ్డ అయితే మోకాళ్ల దాకా వచ్చే రాజు కోటుకు నాలుగు మీటర్లు పట్టుకోవాలి. మామూలు గుడ్డలాగా ముక్కలను అటూ ఇటూ తిప్పి సర్దుకోవడానికి వీల్లేదు, అందుకే అంత. మఖమల్‌కు నూగు ఉంటుంది. చేత్తో నిమిరితే ఒకవైపు నున్నగా, ఇంకోవైపు గరుగ్గా తగులుతుంది. కోటు ముక్కలన్నిటికీ నూగు ఒకే దిక్కుకు ఉండాలి. పైకి ఉంటే రంగు చిక్కగా కనబడుతుంది, కిందికి ఉంటే వెలిసినట్టు ఉంటుంది. ఒక చెయ్యి పైకీ ఒక చెయ్యి కిందికీ కోస్తే కొట్లో తేడా తెలియదు. లైట్ల కింద నిలబడ్డ దుర్యోధనుడికి రెండు చేతులూ రెండు రంగుల్లో కనబడతాయి. ఇస్త్రీపెట్టె నేరుగా పెడితే నూగు అణిగి అక్కడ మచ్చ శాశ్వతంగా ఉండిపోతుంది. ఇంకో మఖమల్ ముక్క మీద మొహం కిందికి పెట్టి వెనకనుంచి ఆవిరి పట్టాలి, లేదంటే మరిగే నీళ్ల గిన్నె పైన వేలాడదీయాలి. మిషను మీద కుట్టేటప్పుడు కూడా పై గుడ్డ జారుతుంది. ముందు చేత్తో దగ్గర దగ్గరగా పచ్చికుట్టు వేసుకోకుండా మిషనెక్కిస్తే కోటు అంచు ఒక పక్క పొడుగవుతుంది.

డిజైను దించే తీరు చూడముచ్చటగా ఉండేది. ట్రేసింగు కాగితం మీద లతలు, హంసలు గీసి, గీత వెంబడి సూదితో సన్నగా చిల్లులు పొడిచేవాళ్లు. దాన్ని గుడ్డమీద పరిచి, జింకు పొడి కిరసనాయిల్లో కలిపి గుడ్డముద్దతో రుద్దితే చిల్లుల్లోంచి తెల్ల చుక్కలు పడతాయి. కిరసనాయిలు ఎక్కువైతే మఖమల్ మీద నూనె మరక, తక్కువైతే మధ్యాహ్నానికల్లా చుక్కలు రాలిపోతాయి. ముద్దను పిండితే చుక్క కారకూడదు, అంతే తడి. ఆపైన మగ్గానికి బిగించి జరీ, చమ్కీ పని.

చమ్కీల దగ్గర మేస్త్రీలు కటువుగా ఉండేవాళ్లు. గొలుసుకుట్టుతో గబగబా వేసుకుపోతే పని తొందరగా అవుతుంది. కానీ ఒక్క పోగు తెగిందంటే వరస మొత్తం జారిపోతుంది, అదీ సరిగ్గా స్టేజీ మధ్యలో. అందుకని ప్రతి పదీ పన్నెండు చమ్కీలకు వెనక ఒక ముడి వేసి తీరాలి. మోచేతి లోపలివైపు, చంక దగ్గర, కూర్చుంటే నలిగే చోట చమ్కీలు అసలు వేయకూడదు. అక్కడ గరుకు తగిలి నటుడి చర్మం గీసుకుపోతుంది. పైగా ఆ చోటు జనానికి కనబడేదీ కాదు.

ఇక కిరీటం. ఇత్తడి రేకుతో చేస్తే నిగనిగలాడుతుంది, కానీ కిలోన్నర బరువును గంటల తరబడి నెత్తిన మోస్తూ ఎవరు పాడగలరు? అందుకే కాగితం కిరీటానికి అంత గిరాకీ. మట్టితోనో చెక్కతోనో తల అచ్చు చేసుకుంటారు. ఆ తల కొలత టోపా, అంటే జులపాల విగ్గు, పెట్టుకున్నాక తీసిందై ఉండాలి. ఉత్త తలకు తీసిన కొలతతో చేసిన కిరీటం జులపాల మీద దిగదు. పావుకిలో మైదాను దాదాపు లీటరు నీళ్లలో జిగురుగా ఉడికించి, వేడిమీదే పావు చెంచా మైలుతుత్తం కరిగిస్తారు. అది వేయకపోతే వానాకాలంలో బొద్దింకలు, పురుగులు కిరీటాన్ని కొరికేస్తాయి. మైలుతుత్తం విషం కాబట్టి ఆ గిన్నె మళ్లీ వంటింట్లోకి పోకూడదు. పాత పేపరును రెండంగుళాల పట్టీలుగా చించాలి. కత్తిరించకూడదు. చించిన అంచు ఒకదానిలో ఒకటి కలిసిపోతుంది, కత్తిరించిన అంచు గీతలా పైకి తేలుతుంది. ఒక పొర నల్ల అచ్చు పేపరు, ఒక పొర తెల్ల కాగితం, ఇట్లా మార్చి మార్చి వేస్తే ఎక్కడ పలచగా పడిందో కంటికి తెలుస్తుంది. ఏడెనిమిది పొరలు. రెండు పొరలకొకసారి ఆరబెట్టాలి, అదీ నీడన. తొందరపడి ఎర్రటి ఎండలో పెడితే పైన గట్టిపడి లోపల తడి ఉండిపోతుంది, మూడో నాటికి కిరీటం ఒక పక్కకు వంగుతుంది.

ఎండాక వెనకవైపు బ్లేడుతో నిలువునా చీల్చి అచ్చు మీంచి తీసి, మళ్లీ అతికి, అంచు చుట్టూ సన్న తీగ పెట్టి గుడ్డతో మడిచేస్తారు. పైన సుద్దపొడి, వజ్రం (అతికించే జిగురు) కలిపిన పూత. అది ఆరాక గరుకు కాగితంతో నున్నగా రుద్దుతారు. లతలు ఉబ్బెత్తుగా కనబడాలంటే పురికొసను వజ్రంలో తడిపి డిజైను మీద అంటించి దానిమీద ఇంకో పూత. తర్వాత బంగారు కాగితమో, రేకో. వార్నీషులో కలిపిన ఇత్తడి పొడి చవక. అయితే నుదుటి చెమట తగిలేచోట పచ్చగా చిలుము పడుతుంది. ఆ కింది అంగుళంన్నర అంచుకు మాత్రం జరీ పట్టీ కుట్టేస్తే ఆ బాధ లేదు.

కిరీటం లోపల చూస్తే చేసినవాడి చెయ్యి ఎలాంటిదో తెలిసిపోతుంది. నుదురుకూ వెనక బుర్రకూ మాత్రమే దూది మెత్తలు ఉండాలి. చుట్టూ మెత్త పెడితే గాలాడక తల తిరుగుతుంది. పైన శిఖరం దగ్గర బయటికి కనబడకుండా నాలుగు చిల్లులు. కిరీటానికి రెండు పక్కలా ఉండే కర్ణపత్రాలు చెవి వెనకనుంచి దిగాలి. చెవి మీద పడితే నటుడికి హార్మోనియం శ్రుతి సరిగా వినబడదు, అపశ్రుతి పడితే తిట్లు నటుడికే. ఎత్తు కిరీటానికి నాడాలు రెండు జతలు కావాలి. ఒకటి టోపా కింద మెడ వెనక, ఇంకోటి నడినెత్తి మీద టోపాకే. ఒక్క జతతో కడితే ధర్మరాజు తల వంచి నమస్కారం పెట్టగానే కిరీటం ముందుకొస్తుంది. కృష్ణుడి నెమలి పింఛాన్ని కిరీటానికి కుట్టేయకూడదు. వెనక చిన్న గొట్టం పెట్టి అందులో దోపితే నాటకం అయ్యాక తీసి విడిగా దాచుకోవచ్చు. ఈకలకు పురుగు తొందరగా పడుతుంది.

భుజకీర్తుల్ని కోటుకే కుట్టడం ఇప్పుడు ఎక్కువైంది. అది నాకు నచ్చదు. పాత పద్ధతిలో అవి విడిగా ఒక గుడ్డ పట్టీకి ఉండేవి. బక్రం అనే బిరుసు గుడ్డ మీద కాన్వాసు, అంచుకు తీగ. పట్టీ వీపు మీద అడ్డంగా పోయి చంకల కింద ముడిపడేది. ఏ నటుడికైనా, ఏ కోటు మీదికైనా సరిపోయేది. భుజం చివర కాకుండా మెడవైపుకు అంగుళంన్నర లోపలికి కూర్చోబెడితే చెయ్యి ఎత్తినా అవి కదలవు. వడ్డాణం కూడా పొట్టమీద కాదు, తుంటి ఎముక మీద కూర్చోవాలి. ముందు ఎంత పెద్ద బిళ్ల ఉన్నా వెనక నాడానే ఉండాలి. హుక్కు పెడితే గట్టిగా ఊపిరి పీల్చినప్పుడు విరిగి ఎగిరిపోతుంది. మైకులు వచ్చాక ఇంకో చిక్కు వచ్చింది. గుండెలమీద హారాలు ఒకదానికొకటి తగిలి చేసే చప్పుడు పద్యం మధ్యలో మైకులో వినబడేది. హారాల వెనక పలచని మెత్తగుడ్డ అంటించడం అప్పట్నించే. గబుక్కున డ్రెస్సు మార్చే సీన్లలో వెల్‌క్రో బాగా పనికొస్తుందని తెచ్చారు గానీ, దాన్ని లాగితే చర్రున వచ్చే శబ్దం కూడా మైకు వదలదు. టిచ్ బటన్లే మేలు. ఏ డ్రెస్సూ తలమీంచి తొడిగేది కాకూడదని కూడా ఒక నియమం. మొహానికి రంగు వేశాక, టోపా పెట్టాక తొడగాలి కాబట్టి ముందో వెనకో పూర్తిగా తెరుచుకోవాలి.

కుట్టిన పంచె గురించి రెండు మాటలు. కుచ్చిళ్లు ముందే పోసి రెండంగుళాల కాన్వాసు పట్టీకి కుట్టేస్తారు, గోచి వెనక దోపినట్టు అతికేస్తారు. భీముడు తొడ చరిచి కాలు దిట్టంగా వేసినప్పుడు కాళ్ల మధ్య కుట్టు పటుక్కున పోతుంది. అక్కడా చంకలో పెట్టినట్టే చదరపు ముక్క పెట్టి, కుట్టు రెండు వరసలు వేస్తే పోదు. పంచెకు చీరాల, పాటూరు మగ్గాల నూలుగుడ్డ అందుబాటులో ఉండేది. స్టేజీ మీద అంచు కనీసం నాలుగు అంగుళాలు ఉండాలి. వెంకటగిరి నేతలో ఉన్న సన్న పనితనం నాలుగో వరస దాటితే ఎవరికీ కనబడదు. అదే చీర కెమెరా ముందు పెడితే ప్రతి బుటా వెలుగుతుంది.

లైట్లు మారినప్పుడల్లా రంగులు కూడా మార్చుకోవాల్సి వచ్చింది. పెట్రోమాక్సు దీపాల కింద ముదురు నీలం నల్లగా కనబడేది, అందుకని కృష్ణుడి నీలం ఒక పాలు లేతగా తీసుకునేవాళ్లు. ట్యూబులైట్లు వచ్చాక ఎరుపు చచ్చిపోయి గోధుమరంగులోకి దిగింది. దాంతో అదే దుర్యోధనుడికి ఇంకా మండే ఎరుపు వెతకాల్సి వచ్చింది. గుడ్డ కొనేటప్పుడు కొట్టు బయట ఎండలో చూస్తే సరిపోదు, నాటకంలో వాడే దీపం కిందే చూడాలి.

సినిమా పని దీనికి దాయాది లాంటిది. నెల్లూరు నుంచి మద్రాసు రైలుకు మూడు నాలుగు గంటల దారే కాబట్టి చమ్కీ, జరీ, రాళ్లు షావుకారుపేటలోనే కొనేవాళ్లు. చేతి పని బాగున్నవాళ్లకు కోడంబాక్కం, వడపళని స్టూడియోల వైపు దారి తెలిసేది. నలుపు తెలుపు సినిమాల రోజుల్లో తెల్ల పంచె తెల్లగా ఉంటే లైట్లకు మెరిసి మొహం కనబడనిచ్చేది కాదు. పలచని తేయాకు నీళ్లలో ముంచి కొంచెం మాసిన రంగు తెప్పిస్తే తెరమీద సరిగ్గా తెల్లగా వచ్చేది. స్టేజీకి పెద్ద కుట్లు ఫరవాలేదు, కెమెరాకు వెనక వైపు కుట్టు కూడా సాపుగా ఉండాలి. ఒకే డ్రెస్సు రెండు మూడు జతలు కావాలి, హీరోకు, డూపుకు, తడిసే సీనుకు. అన్నిటికీ గుడ్డ ఒకే తానులోంచి తీయాలి. వేరే తాను అయితే అదే నంబరు రంగైనా తేడా వస్తుంది. ఇప్పటి డిజిటల్ కెమెరాలకు సన్న గళ్లు, సన్న చారలు పడవు, తెరమీద అవి కదులుతున్నట్టు కనబడతాయి. ఆకుపచ్చ తెర ముందు తీసే సీన్లకు జరీ ఎక్కువైతే ఆ పచ్చదనం జరీలోకి ఎక్కి తర్వాత పని చేసేవాళ్లను ఏడిపిస్తుంది.

హరిశ్చంద్రుడి కాటికాపరి డ్రెస్సు లాంటిది కుట్టడం రాజు కోటు కంటే కష్టం. కొత్త గుడ్డను ముందు రెండు మూడు ఉతుకులు ఉతికి గంజి వదలగొట్టాలి. చిరుగును కత్తెరతో కోయకూడదు. అంచు దగ్గర కొంచెం కత్తిరించి అక్కణ్నించి చేత్తో చించాలి, మళ్లీ ఉతకాలి, అప్పుడు పోగులు పీచుపీచుగా వస్తాయి. మోకాళ్లు, మోచేతులు, మెడపట్టీ, అంటే నిజంగా అరిగే చోట్లే, గరుకు కాగితంతో రుద్దాలి. తుమ్మచెక్క కషాయంలో ముంచితే మట్టి గోధుమరంగు, కరక్కాయ, అన్నభేది (ఇనుప లవణం) కలిపితే మసి నలుపు. అన్నభేది మోతాదు మించితే మాత్రం గుడ్డ కొన్నాళ్లకే పొడిపొడి అవుతుంది. ఉతికి నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించాలి.

ఉమ్మడి నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో డ్రెస్సులు కాపాడటం కూడా ఒక విద్యే. మైపాడు, కొత్తపట్నం, చీరాల వైపు ఉప్పుగాలికి జరీ నల్లబడుతుంది. కనిగిరి, పొదిలి వైపు పోతే పొడి ఎండకు వజ్రం బీటలు వారి కిరీటం రాళ్లు ఊడి రాలుతాయి. తీరంలో ఆడి మెట్టకు, మెట్టలో ఆడి తీరానికి తిరిగే పెట్టెలకు రెండు బాధలూ ఉండేవి. తెల్లారి నాటకం అవగానే ముందు చెయ్యాల్సింది కోటును తిరగేసి లైనింగు బయటికి వచ్చేలా నీడగాలికి ఆరేయడం. మఖమల్ వైపు ఎండ తగిలితే రంగు పోతుంది. చంకల్లో టిచ్ బటన్లతో పెట్టిన మెత్తలు విప్పి ఉతికేయాలి. మెడ లోపలి పట్టీ కూడా విడిదే. మొహానికి పూసే అర్దళం, జింకు, నూనె అంతా అక్కడే అంటుతుంది. తడి కోటును మడిచి పెట్టెలో పెడితే రెండో ఊరు చేరేసరికి బూజు వాసన. జరీని ప్లాస్టిక్ సంచిలో కట్టకూడదు, నాఫ్తలీను ఉండలు దానికి తగలకూడదు. ఉతికిన పాత నూలుపంచెలో చుట్టి, మధ్యలో వస కొమ్ము ముక్కలు వేస్తే చాలు.

ఇప్పుడు ఫైబర్ కిరీటాలు, అచ్చు పోసిన ప్లాస్టిక్ హారాలు వచ్చాయి. బరువు తక్కువ, పురుగు పట్టదు, వాటిలో మంచి లేదనలేం. లోపల గాలి చిల్లులు, చెవి దగ్గర ఖాళీ చూసుకుంటే అవీ పనికొస్తాయి. మీ ఊళ్లో నాటకానికి డ్రెస్సులు అద్దెకు తెచ్చే బాధ్యత మీమీద పడితే రాత్రి తెర వెనక కాకుండా పగలే పెట్టె తెరిపించండి. పాత్ర పాత్రకూ మూట విడిగా కట్టి నంబరు చీటీ ఉందా చూడండి. కోటు తొడిగించి, నటుడి చేత రెండు చేతులూ పైకెత్తించి, ఒక పద్యం పాడించండి. కిరీటం పెట్టించి హార్మోనియం వాయింపించి శ్రుతి వినబడుతోందా అడగండి. నాడాలు మాత్రం అన్నీ కొత్తవి ఎక్కించమనండి. తడిసి ఎండిన పాత నాడా చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ లాగి ముడేస్తే తెగుతుంది.